ముట్టుకోకూడని రేడియో

విశాఖ వైపు పోయే ప్యాసింజరు చీపురుపల్లి స్టేషన్లో ఆగి కదిలేసరికి ఈశ్వరమ్మ స్నానం అయిపోవాలి. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, గడపలు కడిగి, హాలంతా తడిగుడ్డతో తుడిచి, అప్పుడు దీపం దగ్గరకు వెళుతుంది. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, తుఫాను పట్టినా శుక్రవారం నాడు ఈ వరస మారదు. రైలు ఆలస్యమైతే "ఈరోజు రైలుకి ఒళ్ళు బరువుగా ఉన్నాది" అంటుంది తప్ప తను తొందరపడ్డానని ఒప్పుకోదు.

ఆ శుక్రవారం కోడలు శైలజ పొయ్యి మీద పాలకు కాపలా కాస్తూ మాటిమాటికీ హాల్లోకి తొంగిచూస్తోంది. హాల్లో గోడవారగా బల్ల మీద రేడియో పాడుతోంది. మామగారు జగన్నాధంగారి రేడియో. టేకు పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, కింద రెండు లావుపాటి నాబ్‌లు, లోపల నిప్పు రవ్వల్లా వెలిగే గాజు వాల్వులు. ఒకప్పుడు ఇక్కడ పనిచేసిన స్టేషన్ మాస్టరొకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ ఇచ్చాడట. జగన్నాధంగారు రైల్వేలో సిగ్నల్ మెకానిక్. ఇంట్లో మాట తక్కువ మనిషి. ఆయన మాట్లాడవలసినవన్నీ ఆ రేడియోయే మాట్లాడేదని ఆయన కొడుకు మోహనకృష్ణ నవ్వుతూ చెబుతుంటాడు.

రేడియో కొన్నేళ్ళ కిందట పాడైంది. విడిభాగాలు దొరకలేదు. కిందటేడు ఆయనా పోయారు. సంవత్సరీకం అయ్యాక గోడలకు కొత్త రంగులు వేయించినప్పుడు మోహన్ దాన్ని పాతసామానులో వేసేద్దామంటే శైలజ అడ్డుపడింది. తను బీఎస్సీలో ఫిజిక్స్ చదివింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు బడిలో పాఠం చెప్పింది. ఈ ఇంటికొచ్చి అయిదేళ్ళయినా అత్తగారి దృష్టిలో ఇంకా కొత్త కోడలే. కూరలో ఉప్పు దగ్గర నుంచి ముగ్గులో చుక్క దాకా ప్రతిదానికీ "మాకు ఇలగ అలవాటు నేదు" అనిపించుకుంది. ఈ ఒక్క పని చేసి చూపిస్తే తనూ ఈ ఇంటి మనిషినవుతానని ఆమెకు గట్టి ఆశ.

ఆశ ఉంది గాని తొందరపాటు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. దొడ్లో రేకుల షెడ్డు కింద చెక్కబల్ల వేసుకుంది. పాత రేడియోని ఉన్నపళంగా ప్లగ్గులో పెట్టకూడదని ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. రబ్బరు పొరలు పొడిపొడిగా రాలుతున్న తీగలు మార్చింది. మైనం కారిన కండెన్సర్లు పీకేసి, విజయనగరంలో రేడియో సామాన్లమ్మే గంగులు దగ్గర కొత్తవి తెచ్చి అతికింది. కరెంటు తీసేసినా పెద్ద కండెన్సర్ల లోపల కరెంటు దాక్కుని ఉంటుందని చదివి, ప్రతిసారీ వాటిని ఖాళీ చేసి, మీటరుతో చూసుకుని గాని చెయ్యి పెట్టలేదు. కాళ్ళకు రబ్బరు చెప్పులు, కరెంటు గుండె మీదుగా పోకుండా ఎడమచెయ్యి వెనక్కి. మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు మధ్యలో మామూలు బల్బొకటి పెట్టింది. లోపల ఏదైనా తప్పుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, రేడియో బతుకుతుంది. బల్బు ఒకసారి మెరిసి మందగించింది. ఆ రోజు ఆమె ఆనందం చూసి మోహన్, "నాకు ఉద్యోగం వచ్చినప్పుడు గూడా నువ్వింత నవ్వలేదు" అన్నాడు.

ఆ వీడియోలన్నీ విదేశాల వాళ్ళవి. వాళ్ళ ప్లగ్గులకు ఒక పిన్ను వెడల్పు, ఒకటి సన్నం. ఏ పిన్ను ఎటు ఉండాలో ఒకాయన వేలు చూపిస్తూ చాలాసేపు చెప్పాడు. మామగారి ప్లగ్గుకు రెండు పిన్నులూ ఒకటే లావు. మనది కాని సంగతి మనకెందుకని శైలజ ఆ ముక్క దాటేసి వీడియో ముందుకు జరిపింది. తీగ మార్చినా ఆ పాత నల్ల ప్లగ్గు మాత్రం మామగారి గుర్తుగా ఉంచేసింది. దాని మీద పేరుకున్న ఎర్రటి జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. నాబ్‌లను బిగించే మరల గుంటల్లో ఏదో నల్లగా గడ్డకట్టి ఉంటే పిన్నీసుతో గీకి తీసేసింది. అంతా తళతళలాడింది.

ముందురోజు సాయంత్రం దాన్ని హాల్లోకి తెచ్చి, మొగుణ్ణి కూర్చోబెట్టి వేసింది. గొంతు వచ్చింది. వంటింటి గుమ్మంలోకి ఈశ్వరమ్మ వచ్చి నిలబడింది. కాసేపటికి ఒక్కో అడుగే వేసుకుంటూ బల్ల దగ్గరకు వచ్చి, చెయ్యి చాపింది.

"ముట్టుకోకండి అత్తయ్యా."

శైలజ గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది. వెనక వాల్వులు కాలిపోతున్నాయి, అట్ట ఇంకా బిగించలేదు, వేలు తగిలితే బొబ్బలెక్కుతాయి. అదంతా చెప్పేలోపే ఈశ్వరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీ వస్తువు మరి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాత్రి అన్నం దగ్గర మళ్ళీ మాట్లాడలేదు. పొద్దున్న సర్దిచెప్పుకోవచ్చులే అనుకుంది శైలజ.

ఆ సర్దిచెప్పడంలో భాగమే ఈ పొద్దుటి పాట. అత్తగారు దీపం పెట్టే వేళకు భక్తిపాటలు వస్తాయని అట్ట బిగించి, రాత్రి పీకేసిన ప్లగ్గు మళ్ళీ పెట్టి, రేడియో వేసి వచ్చింది. మెచ్చుకుంటుందేమోనని తొంగిచూస్తోంది.

ఈశ్వరమ్మ మెచ్చుకునేలాగే కనిపించింది. దేవుడి పటాలకు బొట్టు పెట్టింది. గడపకు పెట్టింది. మొగుడి ఫొటోకి పెట్టింది. గిన్నెలో నీళ్ళతో తడిపిన కుంకుమలో వేలు మళ్ళీ ముంచి, ఆరని నేల మీద వట్టి కాళ్ళతో రేడియో దగ్గరకు నడిచింది. ఒక నాబ్‌కి బొట్టు పెట్టబోయింది.

పాలు పొంగాయి. శైలజ పొయ్యి వైపు తిరిగింది. హాల్లో ఏదో విరిగినట్టు కేక, వెంటనే మంచం కోడుకు మనిషి తగిలిన చప్పుడు.

---

ఈశ్వరమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. గుండెకు ఏమీ కాలేదని, అయినా కనిపెట్టి చూడాలని ఆసుపత్రిలో రెండు రాత్రులు ఉంచుకున్నారు. ఆదివారం పొద్దున్న ఇంటికి తీసుకొచ్చారు. ఇంటికి రావడమంటే ఉండడానికి కాదు, బట్టలు సర్దుకోవడానికి. శ్రీకాకుళం నుంచి పెద్దకూతురు పద్మకుమారి కారు తీసుకుని వచ్చేసింది. అమ్మని తనతో తీసుకుపోతుంది. ఎన్నాళ్ళకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఈ రెండు రోజులూ ఈశ్వరమ్మ కోడలితో ఒక్క ముక్క మాట్లాడలేదు. శైలజ జావ పట్టుకెళితే గోడ వైపు తిరిగి పడుకుంది. "నానెల్పోతాను" అన్న మాట కూతురితో చెప్పింది, కొడుకుతో చెప్పింది. కోడలు ఆ మాట తలుపు అవతల నుంచి వింది. అత్తగారు ఇప్పుడు ఈ గడప దాటితే మళ్ళీ తన చేతి అన్నం తినడానికి రాదని శైలజకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"అమ్మ మందుల సంచీ ఎక్కడెట్టేవు?" పద్మకుమారి బీరువా ముందు కూర్చుని చీరలు మడతపెడుతూ అడిగింది. తల ఎత్తలేదు.

"మంచం పక్కనే ఉంది వదినా. కట్టు విప్పేదాకానైనా ఇక్కడుంటే డాక్టరుగారు దగ్గర గదా..."

"శ్రీకాకుళంలో డాక్టర్లు నేరేటి? ఇక్కడుంచి ఏటి సెయ్యమంటావు? ఇంకో కరెంటు పెట్టె బాగుసేసి ఇస్తావా?"

మోహన్ వరండాలోంచి లోపలికి వచ్చాడు. భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో సూపర్‌వైజరు అతను. అక్కడ వందమందిని కేకలేసే మనిషి ఇంట్లో అక్క ముందు గొంతు తగ్గించాడు. "దానికి తెలీక జరిగిపోనాది అక్కా."

"తెలీనప్పుడు ఎందుకు ముట్టాలిరా? సదువుకుంది గదా, సదువుకోని అమ్మకి తెలుస్తాదేటి అందులో కరెంటు ఉన్నాదని? పోనీ, పడిపోయిన మనిషిని లేపేదా? అమ్మ కళ్ళారా సూసింది. కింద పడి కొట్టుకుంటంటే నీ పెళ్ళాం ముందు రేడియో కాడికి పరిగెట్టిందంట. మనిషి కంటే పెట్టె ఎక్కువైపోనాది."

మంచం మీద ఈశ్వరమ్మ కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోవడం లేదని కనురెప్పలే చెబుతున్నాయి. ఆ రెండు రోజుల మౌనం ఎందుకో శైలజకు ఇప్పుడు తెలిసింది. విరిగిన చెయ్యి కాదు అత్తగారికి నొప్పి.

మోహన్ నేరుగా బల్ల దగ్గరకు వెళ్ళి రేడియోని రెండు చేతులా ఎత్తాడు. వీధిలో పాతసామాన్లవాడి బండి ఆగి ఉంది. పద్మకుమారి రాకముందే కబురు పెట్టాడన్నమాట.

"ఆగండి."

"తప్పుకో శైలజా."

"పడేద్దురు గాని. నేనే మోసుకెళ్ళి బండి మీద పెడతాను. ఎందుకు కొట్టిందో చెప్పనివ్వండి ముందు."

"కొట్టింది. అది సాలదా?"

"చాలదు. ఎందుకో తెలియకుండా పడేస్తే నేను ఏం తప్పు చేశానో నాకే తెలియకుండా పోతుంది. అత్తయ్యకి అసలు తెలియదు." గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అయిదేళ్ళలో ఆ ఇంట్లో ఆమె అలా నిలబడడం అదే మొదటిసారి. పద్మకుమారి చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

మోహన్ అక్క వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. రేడియోని అమ్మ మంచం పక్కన స్టూలు మీద దించాడు. "బేగి సెప్పు."

శైలజ ముందు పద్మకుమారి వైపు తిరిగింది. "వదినా, నేను పరిగెత్తింది రేడియో దగ్గరకి కాదు. దాని పక్కన స్విచ్‌బోర్డు దగ్గరకి. కరెంటు పట్టుకున్న మనిషిని ముట్టుకుంటే ఇద్దరూ పోతారు. అత్తయ్య చెయ్యి రేడియోని వదిలిందో లేదో నాకు కనపడలేదు. ముందు స్విచ్ కట్టేశాకే ఎవరినైనా పట్టుకోవాలి. అదొక్కటే ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని."

ఈశ్వరమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. "స్విచ్చు కోసమా?" అంది. రెండు రోజుల తర్వాత కోడలితో ఆవిడ అన్న మొదటి మాట అది.

"అవునత్తయ్యా."

ఆవిడ ఈసారి గోడ వైపు మాత్రం తిరగలేదు.

శైలజ షెడ్డులోంచి మీటరు తెచ్చింది. రేడియో తీగ కొసన వేలాడుతున్న నల్ల ప్లగ్గును అందరికీ చూపించింది. "ఇది గోడలో లేదు. లోపల కండెన్సర్లు కూడా ఖాళీ చేశాను. ఈ మీటరు చిన్న బ్యాటరీ మీద పనిచేస్తుంది, భయం లేదు." మీటరు సూది ఒకటి ప్లగ్గు పిన్నుకి ఆనించింది. రెండోది నాబ్ పక్కనున్న చిన్న మర మీద పెట్టింది. మీటరు కీచుమని అరిచింది. ఇంకో పిన్నుకి ఆనిస్తే అరవలేదు.

"ఈ ఒక్క పిన్ను నుంచి తీగ నేరుగా లోపల ఇనపచట్రానికి వెళుతోంది. చట్రం నుంచి నాబ్ మరకి. ఈ రకం రేడియోలు అలాగే చేసేవారట. ప్లగ్గు ఒకవైపు పెడితే చట్రంలో ఏమీ ఉండదు, ఏ గొడవా లేదు. తిరగేసి పెడితే చట్రమంతా కరెంటే. గురువారం సాయంత్రం ఒకవైపు పెట్టాను, శుక్రవారం రెండోవైపు పెట్టినట్టున్నాను. నాబ్ అంచు పట్టుకుని తిప్పాను, మరకి వేలు తగల్లేదు కాబట్టి నాకు తెలియలేదు. టెస్టరు ఒక్కసారి ఈ మర మీద పెట్టి చూసుంటే తెలిసేది. అన్నీ చూశాను, అది చూడలేదు." ఆమె నాబ్ మర గుంట చూపించింది. "ఈ గుంటల్లో లక్క పోసి ఉంది. మురికనుకుని గీకేశాను. అది వేలికి కరెంటు తగలకుండా పోసిన లక్క. తప్పు నాదే. మీరు తీసుకెళతానంటే నేను ఆపలేను వదినా. అత్తయ్యని చంపినంత పని చేశాను."

పద్మకుమారి మడతపెట్టిన చీరే విప్పి మళ్ళీ మడతపెట్టింది. తిట్టడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి, ఎదుటివాళ్ళు తమని తామే తిట్టుకుంటే ఏం చెయ్యాలో తోచదు.

మోహన్ ప్లగ్గు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "రెండు పిన్నులూ ఒకలాగే ఉన్నాయి గదా. మరి నాన్న ఎలగ పెట్టేవోడు? అన్నేళ్ళు మోగింది, ఎవరికీ కొట్టలేదు."

"అదే నాకూ అర్థం కాలేదు. ఎటు పెట్టాలో మామయ్యకి తెలిసే ఉండాలి. దేన్ని బట్టి గుర్తుపట్టేవారో."

"బొట్టు."

ముగ్గురూ మంచం వైపు తిరిగారు. ఈశ్వరమ్మ మంచి చెయ్యి ఊతగా లేవబోతోంది. శైలజ పట్టుకోబోయి సందేహించింది. అప్పటికి పద్మకుమారి పట్టుకుని దిండుకు ఆనించి కూర్చోబెట్టింది.

"ప్లగ్గు మీద బొట్టుండేది. ఎర్రది. సిందూరం నూనిలో కలిపి ఎట్టేవోడు. గోడ మీద బోర్డుకి గూడా ఒకటి. రెండు బొట్లూ పైకుండాల. అరిగిపోతే మళ్ళీ ఎట్టేవోడు. ఇంకెవుల్నీ ఎట్టనిచ్చేవోడు కాదు."

"నేను తుడిచేశాను" అంది శైలజ, వినీ వినపడనట్టు. "జిడ్డనుకున్నాను."

"బోర్డు మీదది నాను తుడిపించేను" అన్నాడు మోహన్. "రంగులేసినప్పుడు."

ఈశ్వరమ్మ ఆ మాటలు విన్నట్టు లేదు. ప్లగ్గునే చూస్తోంది. "ఆ బొట్టుకే నన్ను కొట్టేడు" అంది.

జగన్నాధంగారు పెళ్ళాం మీద చెయ్యెత్తారంటే ఆ వీధిలో ఒక్కరు నమ్మరు. కన్నకొడుకూ కూతురూ నమ్మలేనట్టు ఆవిడ వైపు చూశారు.

"పద్మ కడుపులో ఉన్నాది. ఇంటి నిండా సుట్టాలు. ఆయన డూటీ దిగి రానేదు. మా ఆడపడుసు రేడియో ఎయ్యి వదినా అంటే, నీళ్ళ బిందె దించి అలగే పోయి ఎట్టేను. బొట్టు కిందకి వచ్చినట్టుంది, నాను సూడనేదు. నాబు కాడ సెయ్యి ఎట్టబోతంటే ఆయన గుమ్మంలోకి వచ్చేడు. సూసేడు. ఒక్క గెంతు గెంతి, ప్లగ్గు పీకేసి, సెంప మీద కొట్టేడు. అందరి ముందూ. బొట్టు పైకుండాలని సెప్పలేదా, ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోకు అన్నాడు. అంతే. మరింకో మాట నేదు. ఆ రోజుకీ నేదు, పోయిన రోజుకీ నేదు."

ఆవిడ ఎడమచేత్తో చెంప తడుముకుంది. అది ఎప్పటి దెబ్బో చెయ్యికి గుర్తున్నట్టే ఉంది.

"మళ్ళీ ఎన్నడూ సెయ్యెత్తలేదు. అది సెప్పాల. జొరమొస్తే కాళ్ళు పిసికేడు, అన్నం వండి ఎట్టేడు. కానీ నాను ఆ దెబ్బ మరిసిపోనేదు. ఆయన రేడియో ఎడితే నాను వంటింట్లోకి ఎల్పోయేదాన్ని. గుడికి రమ్మంటే రాడు, దణ్ణమెట్టడు, ఈ ప్లగ్గుకి మాత్రం బొట్టెడతాడు. పెళ్ళాం కంటే పెట్టె ఎక్కువ ఈడికి, అనుకున్నాను. నలబయ్యేళ్ళు అనుకున్నాను."

శైలజ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ప్లగ్గును చేతుల్లోకి తీసుకుంది.

"అత్తయ్యా, అది దేవుడి బొట్టు కాదు. ఏ పిన్ను ఎటుండాలో గుర్తు. బొట్టు కిందికొచ్చిందంటే చట్రమంతా కరెంటే. మీరు తడిచేత్తో నాబ్ పట్టుకోబోయారు. కడుపుతో ఉన్నారు."

ఈశ్వరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. మాట లోపలికి దిగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "అయితే నాకు కొడతాదని భయపడిపోనాడేటి ఆయన?"

"అయ్యుంటుంది అత్తయ్యా."

"మరి ఆ ముక్క సెప్పొచ్చు గదా."

"చెప్పాల్సింది. భయపడ్డా కొట్టడం తప్పే. చెప్పకపోవడం ఇంకా తప్పు." ఆ మాట అంటూ అంటూ శైలజ ఆగిపోయింది. గురువారం సాయంత్రం చాచిన చెయ్యి, వెనక్కి తీసుకున్న చెయ్యి కళ్ళ ముందు కనిపించాయి. "నేను మాత్రం ఏం చెప్పాను మీకు? ముట్టుకోకండి అన్నాను. ఎందుకో చెప్పలేదు. మామయ్య అన్న మాటే అన్నాను."

"ఆ మాటే అన్నావు" అంది ఈశ్వరమ్మ. "అందుకే ముట్టుకున్నాను. నా మొగుడిది, నా ఇంట్లో వస్తువు, ఈయనా ముట్టుకోవద్దన్నాడు, ఇప్పుడీ కోడలు గుంట గూడా వద్దంటాది, ఎందుకు ముట్టుకోకూడదు, బొట్టెడతాను సూడు అనుకుని ఎల్లేను." కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మొగుడి ఫొటో వైపు చూస్తూ గట్టిగా ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదని తర్వాత పద్మకుమారి అంది.

ఏడుపు సద్దుమణిగాక ముందు అడిగింది మంచినీళ్ళు. శైలజ తెచ్చి ఇస్తే ఆమె చేతిలోంచే అందుకుని తాగింది. గ్లాసు ఇచ్చేస్తూ కూతురి వైపు చూసింది. "పద్దా, ఆ సీరలు మళ్ళీ బీరువాలో ఎట్టీ. కారోడికి టీ ఇప్పించి పంపించీ."

"అమ్మా..."

"నాను ఎక్కడికీ ఎల్లను. ఈ పిల్లకి ఇంకా నాబు మరకి లక్క పొయ్యడం రాదు. ఎవలైనా సూసుకోవాల గదా."

వీధిలో పాతసామాన్లవాడు గంట కొట్టి పిలిచాడు. మోహన్ బయటికి వెళ్ళి, పాత ఇనపకుర్చీ ఒకటి ఇచ్చి పంపించేశాడు.

---

కట్టు విప్పేదాకా రేడియోకి కరెంటు ఇవ్వలేదు. ఆ మధ్యలో శైలజ దాటేసిన వీడియో ముక్క మొదటి నుంచి చూసింది, ఒకటికి నాలుగుసార్లు చూసింది. విజయనగరంలో గంగులు చేత చిన్న ట్రాన్స్‌ఫార్మరు చుట్టించుకొచ్చింది. గోడ కరెంటుకీ రేడియోకీ మధ్య అది ఉంటే చట్రం పట్టుకున్నా నేలలోకి కరెంటు దారి ఉండదని అతను చెప్పాడు. అయినా చట్రం పట్టుకోవద్దని కూడా చెప్పాడు. పాత ప్లగ్గు తీసేసి మూడు పిన్నులది బిగించింది, అది తిరగేసి పెడదామన్నా పట్టదు. మోహన్ ఎలక్ట్రీషియన్ని పిలిచి, కరెంటు ఎక్కడైనా కారితే తనంతట తానే పడిపోయే స్విచ్‌ని మీటరు దగ్గర పెట్టించాడు. లక్క మాత్రం ఈశ్వరమ్మే కరిగించి పోసింది. ఎడమచేత్తో పోసినా ఒక్క బొట్టు బయట పడలేదు.

మళ్ళీ ఒక శుక్రవారం. ప్యాసింజరు వెళ్ళిపోయింది. ఈశ్వరమ్మ నేల తుడిచి, ఆరేదాకా కూర్చుంది. జన్మలో హాల్లోకి చెప్పులు రానివ్వని మనిషి, కొత్త రబ్బరు చెప్పులు వేసుకుని బల్ల దగ్గరకు వచ్చింది. చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది.

"ముందు ఇది పెట్టి చూడండి" అని శైలజ ప్లగ్గు పెట్టి, గోడ స్విచ్ వేసి, టెస్టరు ఇచ్చింది. "వెనక్కాల వేలు ఇలా ఆనించాలి. లోపల దీపం వెలిగితే ముట్టుకోకూడదు. వెలగకపోతే భయం లేదు. ఎవరో చెప్పారని కాదు, ఎప్పుడైనా మీరే చూసుకోవాలి."

పక్కనే ఫోను ఛార్జరు పెట్టే రంధ్రంలో ముందు పెట్టి చూపించింది. టెస్టరులో ఎర్రగా వెలిగింది. ఈశ్వరమ్మ తలూపి, టెస్టరు తను తీసుకుని రేడియో వెనకవైపు, లక్క పోయని మర మీద పెట్టింది. వెలగలేదు. ఇంకోసారి పెట్టింది. వెలగలేదు.

కుంకుమ గిన్నె అందుకుంది. తడి కుంకుమ కాదు, పొడిది. స్విచ్ కట్టేయించి, ప్లగ్గు పీకించి, దాని నెత్తిన చిన్న బొట్టు పెట్టింది.

"ఇప్పుడది అక్కర్లేదు అత్తయ్యా. ఒకేవైపు పడుతుంది."

"తెలుసు. ఉండనీ."

ప్లగ్గు ఆవిడే పెట్టింది. నాబ్ ఆవిడే తిప్పింది. వాల్వులు వేడెక్కేదాకా రేడియో ఏమీ పలకదు, ఆ కాసేపూ ఇద్దరూ నిలబడి చూశారు. వెనక సందుల్లోంచి గోడ మీద ఎర్రటి వెలుగు పడింది. తర్వాత చిన్న గుర్రుమనే చప్పుడు, దాని వెనకే ఎవరిదో ఆడగొంతు పాట.

ఈశ్వరమ్మ వంటింటి వైపు అడుగు వెయ్యబోయింది, అలవాటు కొద్దీ. ఆగింది. కుర్చీ జరుపుకుని రేడియో ముందు కూర్చుంది. పాట సగమయ్యాక గోడ మీద ఫొటో వైపు చూసి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మెల్లిగా అంది.

"ఆ ముక్క అప్పుడే సెప్పుంటే నాను గూడా నీ పక్కన కూకుని ఇనేదాన్ని గదా."

శైలజ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలు దించేసి వచ్చింది. ఇంకో కుర్చీ తెచ్చుకుని అత్తగారి పక్కన కూర్చుంది.